చలవను దాచుకోవచ్చా?



ఏసీ కొందామని కొట్టుకి వెళ్తే అమ్మేవాడు మొదట అడిగేది, టన్నా, టన్నున్నరా, రెండు టన్నులా అని. ఆ టన్ను యంత్రం బరువు కాదు. ఒక టన్ను ఐసు ఇరవై నాలుగు గంటల్లో పూర్తిగా కరిగితే చుట్టూ ఉన్న వేడిని ఎంత లాక్కుంటుందో, అంత వేడిని అంతే సమయంలో బయటికి తోసే యంత్రాన్ని టన్ను ఏసీ అంటారు. ఇది అమెరికా వాళ్ల టన్ను, మన లెక్కలో 907 కిలోలు. యంత్రాలు రాకముందు చలవకు ఐసే ఆధారం కాబట్టి, యంత్రాలు వచ్చాక కూడా కొలత అదే నిలిచిపోయింది.

మన గోదావరి ప్రాంతం మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజుల్లో, 1842లో, మద్రాసు సముద్రపు ఒడ్డున ఒక గుండ్రటి కట్టడం లేచింది. దాన్ని ఐస్ హౌస్ అనేవారు. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అమెరికాలోని చెరువుల మీద చలికాలంలో పేరుకున్న గడ్డను దిమ్మలుగా కోయించి, రంపపు పొట్టులో కప్పి, ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేయించి ఇక్కడికి తెచ్చేవాడు. 1833లో కలకత్తాకు వచ్చిన మొదటి ఓడలో దారిలో కరిగింది పోగా వంద టన్నుల దాకా మిగిలిందట. మన దేశంలో యంత్రాలతో ఐసు చేయడం మొదలయ్యాక ఆ వ్యాపారం మూతపడింది. 1897లో వివేకానందుడు పడమటి దేశాల నుంచి తిరిగి వచ్చినప్పుడు ఆ ఐస్ హౌస్‌లోనే బస చేశారు. ఇప్పుడది వివేకానంద ఇల్లం.

ఎక్కడో శీతాకాలంలో పుట్టిన చలవను దాచి, ఇంకెక్కడో ఎండాకాలంలో వాడుకున్నారు. ఈరోజు నేను చెప్పబోయేది అదే పనిని మన ఇంటి పెరట్లో, ఒక్క రోజు వ్యవధిలో చేయడం గురించి. కరెంటు చవగ్గా, ధారాళంగా ఉన్న వేళలో ఒక తొట్టెలో నీటిని గడ్డకట్టించి, అందరూ ఒక్కసారిగా ఏసీలు వేసే వేళకు ఆ గడ్డను కరిగించి గదిని చల్లబరచుకోవడం. డెల్టా వాళ్లకు ఈ బుద్ధి కొత్తది కాదు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవడం ఎవరు నేర్పారు మనకి? నీళ్లు పారుతున్నప్పుడు పట్టుకోవాలి, పారనప్పుడు వాడుకోవాలి.

ఐసు చేయడంలో మన ప్రాంతానికి ఉన్నంత అనుభవం రాష్ట్రంలో చాలా చోట్ల లేదు. భీమవరం, ఆకివీడు, నరసాపురం, కాకినాడ వైపు ఐసు ఫ్యాక్టరీ లేకపోతే రొయ్యల వ్యాపారమే లేదు. రొయ్య చెరువు గట్టు దాటిందగ్గర్నుంచి ఐసులోనే ఉండాలి. కొల్లేరు చుట్టుపక్కల పట్టిన చేప మర పట్టిన ఐసు మధ్య ట్రేలలో సర్దుకుని హౌరా దాకా లారీల్లో వెళ్తుంది. దారిలో ఆ లారీకి యంత్రమేమీ ఉండదు. భీమవరంలో కరెంటు ఖర్చు పెట్టి చేసిన చలవ ఒడిశా దాటి బెంగాల్లో కరుగుతుంది. చలవను నిల్వ చేయడమంటే ఇదే కదా.

ఎప్పుడైనా ఐసు ఫ్యాక్టరీ లోపలికి వెళ్లి చూడండి. కాళ్ల కింద వరసగా చెక్క మూతలు ఉంటాయి. వాటి కింద ఉప్పునీటి తొట్టె. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, మైనస్ పది దాకా చల్లబడినా నీరుగానే తిరుగుతూ ఉంటుంది. అమ్మోనియా గొట్టాలు ఆ ఉప్పునీటిని చల్లబరుస్తాయి. అందులో మంచినీళ్లు పోసిన రేకు డబ్బాలు మెడదాకా మునిగి ఉంటాయి. గడ్డకట్టాక వరస మొత్తాన్ని క్రేనుతో లేపి, మామూలు నీళ్ల తొట్టెలో కాసేపు ముంచి వంచితే దిమ్మలు జారి పడతాయి. ఆ దిమ్మను దగ్గరగా చూస్తే అంచులు తేటగా, నడుమ పాలు పోసినట్టు తెల్లగా కనిపిస్తుంది. గడ్డకట్టడం బయటి నుంచి లోపలికి సాగుతుంది. నీటిలో కరిగి ఉన్న గాలి, లవణాలు లోపలికి జరుగుతూ జరుగుతూ చివరికి నడుమ చిక్కుకుపోతాయి. అక్కడ పనిచేసేవాళ్లని అడిగితే ఇంకో సంగతి చెబుతారు: అంచున మొదటి అంగుళం తొందరగా కడుతుంది, నడిమి అంగుళానికే గంటలు పడుతుంది. అప్పటికే కట్టిన గడ్డ, లోపలి వేడి బయటికి రాకుండా అడ్డుపడుతుంది. ఇంటి ఏసీకి పెట్టే ఐసు తొట్టెలోనూ ఇదే ఇబ్బంది. అందుకే అందులో లావుపాటి గొట్టం ఒకటి కాకుండా సన్నటి గొట్టాలు దగ్గర దగ్గరగా, చుట్లు చుట్లుగా పెడతారు. ఒక్కో గొట్టం మీద గడ్డ పలచగా కడితే చాలు. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది కాబట్టి పైన ఖాళీ వదులుతారు.

ఇక లెక్కకి వద్దాం. కిలో నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి ఒక కిలో క్యాలరీ వేడిని తీయాలి. సున్నా డిగ్రీల దగ్గరున్న అదే కిలో నీరు ఐసుగా మారాలంటే ఎనభై కిలో క్యాలరీలు తీయాలి. కరిగేటప్పుడు ఆ ఎనభై తిరిగి గదిలోంచి లాక్కుంటుంది. ఐసుకున్న బలమంతా ఈ ఎనభైలోనే ఉంది. చల్లటి నీళ్లు దాస్తే పెద్ద ట్యాంకు కావాలి, ఐసు దాస్తే చిన్న తొట్టె సరిపోతుంది.

టన్నున్నర ఏసీ పూర్తిగా పనిచేస్తే గంటకు సుమారు 4,500 కిలో క్యాలరీల వేడిని తోడుతుంది. ఎనభైతో భాగిస్తే గంటకు 57 కిలోల ఐసు. రాత్రి నాలుగు గంటల పాటు నడవాలంటే దాదాపు 230 కిలోలు. గోడలు, గొట్టాలు, గడ్డ ఉబ్బడానికి ఖాళీ అన్నీ కలుపుకుంటే, డాబా మీద పెట్టే మూడు వందల లీటర్ల నీళ్ల ట్యాంకంత తొట్టె. పెరట్లో మూలన పడుతుంది. డాబా మీద పెట్టాలంటే మాత్రం శ్లాబు ఆ బరువు మోస్తుందో లేదో ఇంజనీరుకి చూపించాలి.

ఈ లెక్క తెలిస్తే ఒక భ్రమ కూడా పోతుంది. ఎండలు మండిపోతుంటే కొంతమంది ఐసు ఫ్యాక్టరీ నుంచి ఇరవై కిలోల దిమ్మ తెచ్చి గంగాళంలో వేసి ఫ్యాను ముందు పెడతారు. ఇరవై కిలోలంటే 1,600 కిలో క్యాలరీలు. టన్నున్నర ఏసీ చేసే పనిలో ఇరవై నిమిషాల పని. మొహానికి తగిలే గాలి చల్లగా ఉంటుంది, గది చల్లబడదు.

అమెరికాలో ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చెబుతాను. న్యూయార్కులో బ్యాంక్ ఆఫ్ అమెరికా టవరు నేలమాళిగలో ఐసు తొట్టెలు వరసగా ఉన్నాయి. రాత్రి కరెంటు చవక, బయట గాలి చల్లన. రాత్రంతా ఐసు చేస్తారు, మధ్యాహ్నం ఆఫీసులో జనం ఉన్నప్పుడు కరిగిస్తారు. ఇళ్లకీ చిన్న దుకాణాలకీ సరిపడేలా ఐస్ ఎనర్జీ అనే కంపెనీ ఐస్ బేర్ అన్న పేరుతో ఒక యంత్రం చేసింది. కాలిఫోర్నియాలో కరెంటు సంస్థలే ముందుకొచ్చి వాటిని పెట్టించాయి. అయినా ఆ కంపెనీ 2019 డిసెంబరులో దివాలా తీసింది.  లిథియం బ్యాటరీల ధర ఏటా పడిపోతున్న రోజుల్లో చిన్న ఐసు తొట్టెకు మార్కెట్ నిలబెట్టడం కష్టమైన పని.

ఆ పద్ధతిని యథాతథంగా మన రాజమహేంద్రవరం తెచ్చి పెడితే ఏమవుతుంది? మొదటి చిక్కు వేళ దగ్గరే వస్తుంది. మన ఇళ్లలో ఏసీ ఎక్కువగా నడిచేది మధ్యాహ్నం కాదు, రాత్రి. పగలు పెద్దవాళ్లు పనికీ పిల్లలు బడికీ పోతారు. రాత్రి తొమ్మిదిన్నర, పది దాటాక వీధిలో ప్రతి ఇంటి పడకగదిలో ఒకేసారి ఏసీ మొదలవుతుంది. స్టెబిలైజరు టకటకమని కొట్టుకుంటుంది, వోల్టేజి పడిపోతుంది, కొన్నిసార్లు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతుంది, లైన్‌మన్ వచ్చేదాకా వీధంతా అరుగుల మీదే. కాబట్టి మనం ఐసు చేయాల్సింది పగలు, ఎండ వేళ, రాష్ట్రంలో సోలారు కరెంటు పొంగే వేళ. అదే వేళలో బయట నలభై డిగ్రీలు ఉంటుంది. ఐసు చేసే యంత్రం ఒక పక్క సున్నా కంటే కిందికి వెళ్లాలి, ఇంకో పక్క ఆ మండుటెండలోకి వేడిని తోయాలి. రెండు వైపులా శ్రమే. అమెరికా వాడికి రాత్రి చల్లగాలి చేసే సాయం మనకి లేదు.

ఆ శ్రమ బిల్లులో కనిపిస్తుంది. నాలుగు గంటల చలవకు మంచి ఇన్వర్టర్ ఏసీ నేరుగా ఆరు యూనిట్లు తీసుకుంటుందనుకోండి, అదే చలవను ఐసుగా చేసి దాచడానికి ఎనిమిది, ఎనిమిదిన్నర యూనిట్లు పడతాయి. మూడో వంతు పైన అదనం. 2023 జూన్‌లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, ఎండ వేళల్లో రేటు మామూలు రేటు కంటే కనీసం ఇరవై శాతం తక్కువగా ఉండాలి. ఇళ్ల వాడకానికి రద్దీ వేళల్లో మామూలు రేటుకు కనీసం పది శాతం ఎక్కువ ఉండాలి. దీనికి స్మార్ట్ మీటరు కావాలి. ఆ కనీస తేడాలతోనే లెక్క వేద్దాం. నేరుగా వాడిన ఆరు యూనిట్లు రద్దీ రేటులో ఆరున్నర యూనిట్ల ధర కంటే కాస్త ఎక్కువ అవుతాయి. ఎనిమిదిన్నర యూనిట్లు ఎండ వేళ రేటులో ఆరుముప్పావు యూనిట్ల ధర అవుతాయి. ఒకదానికొకటి సరి. తొట్టెకీ, పంపుకీ, గొట్టాలకీ పెట్టిన డబ్బు ఎప్పటికీ తిరిగి రాదు.

ఇంటి మీద సోలారు పలకలు ఉన్నవాళ్లు, మాకు పగటి కరెంటు ఉచితమే కదా అనొచ్చు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. ఎండాకాలంలో ఆ పలకలు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. కానీ నెట్ మీటరు ఉంటే పగలు మిగిలిన యూనిట్లు లైనులోకి వెళ్తాయి, రాత్రి వాడుకున్న యూనిట్లతో చెల్లుబాటవుతాయి. ఆ ఏర్పాటు ఉన్నన్నాళ్లూ కరెంటు లైనే మీకు దాపుడు తొట్టె. ఇంకో తొట్టె కొనడం దేనికి?

అందుచేత మామూలు ఇంటికి, నెలనెలా బిల్లు తగ్గించుకోవడానికి ఐసు తొట్టె కొనమని నేను చెప్పలేను. ఆ డబ్బుతో ముందు పైకప్పు సంగతి చూడండి. శ్లాబు మీద తెల్లటి పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసమే కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. పడమటి కిటికీకి బయటి వైపు తడక కట్టండి, లోపల కట్టిన కర్టెన్ కంటే మేలు. ఏసీని పద్దెనిమిదిలో పెట్టకండి, ఇరవై ఆరులో పెట్టి ఫ్యాను తిప్పండి. ఒక్కో డిగ్రీకి ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ అంచనా.

ఒక్క ఇంటికి మాత్రం ఐసు తొట్టె వల్ల ప్రయోజనం ఉంది. మంచం పట్టిన పెద్దవాళ్లో, వేడికి తట్టుకోలేని రోగులో ఉన్న ఇల్లు. 2003 వేసవిలో, 2015 వేసవిలో వడగాడ్పులకు మన రాష్ట్రంలో రెండుసార్లూ వెయ్యి మందికి పైగా చనిపోయారు. అలాంటి రోజుల్లో చలవ విలాసం కాదు. ఐసు ఒకసారి తొట్టెలో కట్టి ఉంటే, ఆ తర్వాత కావాల్సింది చిన్న పంపు, గదిలో ఒక ఫ్యాను. రెండూ కలిపి నూరు, నూటయాభై వాట్లు. ఇంట్లో లైట్ల కోసం పెట్టుకున్న మామూలు ఇన్వర్టర్ బ్యాటరీ దాన్ని గంటల తరబడి మోస్తుంది. ఏసీ కంప్రెసరును ఆ బ్యాటరీ మోయలేదు. కరెంటు పోయినా గది చల్లగా ఉండాలనుకునే ఇంటికి ఇది డీజిల్ జనరేటర్ కంటే మర్యాదైన దారి. పొగ లేదు, చప్పుడు లేదు.

మన డెల్టాకు సరిపోయే గుణం ఇంకోటి ఉంది. ఇక్కడ ఎండ ఎంత బాధిస్తుందో ఉక్క కూడా అంతే బాధిస్తుంది. మండువా ఇంట్లో కూర్చున్నా చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. ఎడారి ప్రాంతాల్లో బాగా పనిచేసే కూలరు కోనసీమలో గదిని ఇంకా చెమ్మ చేస్తుంది. ఐసు తొట్టెలోంచి వచ్చే నీరు రెండు మూడు డిగ్రీల చలవతో వస్తుంది. అంత చల్లటి గొట్టాల మీదుగా గాలి పోతే అందులోని తేమ బాగా రాలిపోతుంది. గది పొడిగా ఉంటే ఇరవై ఏడు డిగ్రీల్లోనూ నిద్ర పడుతుంది.

ఇంటిని దాటి చూస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఫంక్షన్ హాలు తీసుకోండి. వైశాఖ జ్యేష్ఠాల్లో ముహూర్తాలు ఎక్కువ, ఎండలూ అప్పుడే. వెయ్యి మంది కూర్చునే హాలులో సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఏసీ గట్టిగా నడవాలి. మిగతా రోజంతా ఖాళీ. ముహూర్తం లేని వారాలైతే అసలు ఖాళీ. ఆ అయిదు గంటల కోసం అరవై టన్నుల యంత్రం, దానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్, దాన్ని మోసే జనరేటర్, నెలనెలా డిమాండ్ ఛార్జీలు. యంత్రం తిరిగినా తిరక్కపోయినా ఛార్జీలు తప్పవు.

అదే హాలుకి ముప్ఫై టన్నుల యంత్రం, ఒక ఐసు తొట్టె పెట్టారనుకోండి. పెళ్లికి కావాల్సింది అరవై టన్నులు అయిదు గంటలు, అంటే మూడు వందల టన్ను గంటలు. అందులో సగం యంత్రం అప్పటికప్పుడు ఇస్తుంది. మిగతా సగానికి అయిదున్నర, ఆరు టన్నుల ఐసు ముందే కట్టి ఉండాలి. ఐసు చేసేటప్పుడు యంత్రం బలం మూడో వంతు తగ్గి ఇరవై టన్నుల్లా పనిచేసినా, ఏడెనిమిది గంటల్లో ఆ ఐసు తయారవుతుంది. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెడితే సాయంత్రం అయిదింటికి సిద్ధం, పూర్తిగా సోలారు వేళల్లో. యంత్రం సగం, కనెక్షన్ సగానికి దగ్గర, జనరేటర్ సగం. ఆరు టన్నులంటే భయపడక్కర్లేదు, మన ఐసు ఫ్యాక్టరీల్లో అది చిన్న పని. యూనిట్లు కొంచెం ఎక్కువ పడితే పడనివ్వండి, ఇక్కడ మిగిలేది యంత్రం ఖరీదు, డిమాండ్ ఛార్జీ, డీజిల్. అమెరికాలో ఏసీలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఐసు నిల్వను వాడింది కూడా చర్చిలు, సినిమా హాళ్లు, పాల కేంద్రాలే. కొద్దిసేపే జనం నిండే చోట్లకి అది అప్పటి నుంచీ అచ్చొచ్చిన పద్ధతి.

పాల కేంద్రం అనగానే గుర్తొచ్చింది. మన పాల శీతలీకరణ కేంద్రాల్లో ఐస్ బ్యాంక్ ట్యాంకు అనేది పాత సంగతే. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పాలు క్యాన్లలో ఒక్కసారిగా వచ్చి పడతాయి. గేదె పొదుగు వెచ్చదనంతో వచ్చిన పాలను నాలుగు డిగ్రీలకు దించాలి, ఆలస్యమైతే విరుగుతాయి. అంత పెద్ద యంత్రం ఎవరూ పెట్టలేరు గనక, రాత్రంతా గొట్టాల మీద ఐసు కట్టించి, పొద్దున ఆ చల్లటి నీటితో పాలను చల్లబరుస్తారు. పాలకు పనికొచ్చిన ఏర్పాటు పెళ్లి జనానికి ఎందుకు పనికిరాదు?

ఆసుపత్రుల సంగతి కూడా ఆలోచించాలి. ఆపరేషన్ థియేటరు, ఐసీయూల చలవ ఒక్క నిమిషం ఆగకూడదు. అమరావతిలో అసెంబ్లీ, హైకోర్టు, సచివాలయాలకు ఒకే చోట నుంచి చల్లటి నీటిని గొట్టాల్లో పంపేందుకు 2019లో యూఏఈ దేశపు సంస్థ తబ్రీద్‌తో ఒప్పందం జరిగింది. ఆ తర్వాత రాజధాని పనులే ఆగిపోయాయి. అలాంటి ఉమ్మడి ఏర్పాటుకి నిల్వ తొట్టె కలిస్తే కరెంటు పోయిన గంటల్లోనూ చల్లటి నీరు పారుతుంది. రాజధాని పనులు మళ్లీ సాగుతున్న ఈ సమయంలో అడగాల్సిన విషయమిది.

గోదావరి జిల్లాల్లో దీనికి కావాల్సిన మనుషులు ఉన్నారు. అమ్మోనియా కంప్రెసరు చప్పుడు వినే ఎక్కడ తేడా ఉందో చెప్పగల మెకానిక్కులు భీమవరంలో, కాకినాడలో దొరుకుతారు. వాళ్ల చేతిలో ఉన్న విద్య రొయ్యల దగ్గరే ఆగిపోయింది. జనం మసలే చోట అమ్మోనియా పెట్టకూడదు, దానికి వేరే వాయువులూ వేరే జాగ్రత్తలూ ఉన్నాయి, అవి వాళ్లకి నేర్పాలి. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఒక్క వేసవి, ఒక్క ఫంక్షన్ హాలులో మీటర్లు బిగించి, ఏ గంటకి ఎన్ని యూనిట్లు వాడుతున్నారో రాసినా చాలు. ఏ కంపెనీ కాగితం మీద చెప్పే మాటకన్నా ఆ అంకెలు నమ్మకంగా ఉంటాయి.

మీ ఊళ్లో ఎవరైనా కొత్తగా కళ్యాణమండపమో, నర్సింగ్ హోమో కట్టిస్తుంటే వాళ్లకి నా మాటగా ఒకటి చెప్పండి. ఏసీ ప్లాంటుకి అంచనా వేయించేటప్పుడు ఐసు తొట్టెతో ఒకటి, తొట్టె లేకుండా ఒకటి, రెండు అంచనాలు అడగమనండి. రెండింటిలోనూ యంత్రం ధరతో పాటు కనెక్షన్ లోడు, డిమాండ్ ఛార్జీ, జనరేటర్ డీజిల్ కూడా రాయించమనండి. యంత్రాలు ఆర్డరిచ్చాక అడిగితే లాభం లేదు. పునాది తీసేముందే అడగాలి.